ఇనుములో పుట్టిన తుప్పు



ఈసారి మనం ఒక స్లాబు గురించి మాట్లాడుకుందాం. ధమ్మం చెప్పమంటే స్లాబు గోల ఏమిటి అనుకోకండి. మనలో చాలామంది ఆ స్లాబులు పోసినవాళ్ళమే. రాడ్లు వంచిన చేతులు, కాంక్రీటు తట్టలు మోసిన తలలు మనవే. అందుకని ఈ సంగతి మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

మా పేట సముద్రానికి దగ్గర. అక్కడ అందరం చందాలు వేసుకుని కట్టుకున్న భవనం ఒకటుంది. ఆదివారం అందులో వందన జరుగుతుంది. మిగతా రోజుల్లో సాయంత్రం పిల్లలకు చదువు చెబుతారు. రెండేళ్ళ కిందట వానలు తగ్గాక ఒక రాత్రి పైకప్పు నుంచి అన్నం పళ్ళెమంత పెచ్చు ఊడి పడింది. పిల్లలు చాప పరుచుకుని కూర్చునే చోటే పడింది. రాత్రి కాబట్టి ఎవరూ లేరు. పొద్దున ఊడవటానికి వచ్చిన అమ్మ చూసి కమిటీ వాళ్ళను పిలుచుకొచ్చింది. తల ఎత్తి చూస్తే రాడ్లు బయటపడి ఉన్నాయి. బెల్లం రంగులో, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. భవనానికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు.

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఒకాయన మెల్లగా "ఈశాన్యంలో బాత్రూమ్ కట్టాం కదా, అదేమన్నా..." అన్నాడు. బుద్ధుని ఫొటో కింద కూర్చునే అన్నాడు. ఇంకొకరు "జయంతి దగ్గర పడుతోంది, సిమెంటు పూసి సున్నం కొట్టేద్దాం, తర్వాత చూసుకుందాం" అన్నారు. చాలామంది దానికే తల ఊపారు. నేనూ ఊపాను.

మా పెద్ద మేస్త్రీ మాత్రం ఏమీ అనలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, సుత్తితో స్లాబు అంతా తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్న చోట టంగుమంది. చాలా చోట్ల కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగింది. దిగి వచ్చి ఇలా అన్నాడు. "వాస్తూ కాదు, ఏమీ కాదు. ఆ రోజు రాడ్లు కట్టించింది నేనే. ఏప్రిల్ 14 లోపు స్లాబు పడాలని మీరంతా తొందర పెట్టారు, నేను కాదనలేదు. కవర్ బిళ్ళలు తెప్పించలేదు. కంకర రాళ్ళు పెట్టాం, పోసేటప్పుడు తొక్కుడికి అవి జారిపోయాయి. రాడ్లు రేకు మీదే పడుకున్నాయి. కలిపిన నీళ్ళు ఈ బోరువే. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయని మనకు తెలీదా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు మేము విన్న ధమ్మ దేశన అదే.

దుఃఖం: పైకి కనిపించేది

పెచ్చు ఊడటం రోగం కాదు, రోగం ముదిరిందన్న గుర్తు. దానికి ముందే స్లాబు మనకు చాలాసార్లు చెబుతుంది. మొదట గోధుమరంగు మరక. తర్వాత రాడ్డు ఉన్న దారి వెంటే తిన్నగా సన్నని పగులు. తర్వాత తడితే డొల్ల శబ్దం. చివరికి పెచ్చు.

పెచ్చు ఎందుకు ఊడుతుందో చూడండి. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ముందున్న చోటికంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు అడుగుతుంది. చుట్టూ బిగిసిన కాంక్రీటు. పోవటానికి దారి లేదు. కాంక్రీటు నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది కాని, లాగితే ఓర్చుకోలేదు. ఆ లాగుడు ఓర్చుకోవటానికే దాంట్లో ఇనుము వేస్తాం. ఇప్పుడు ఆ ఇనుమే ఉబ్బి లోపలినుంచి కాంక్రీటును చీలుస్తుంది. కాపాడటానికి పెట్టినదే చీల్చటం మొదలుపెడుతుందన్న మాట.

సముదయం: లోపల జరిగేది

మన శాస్త బుద్ధుడు ఏదీ ఊరికే జరగదన్నాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. పటిచ్చ సముప్పాదం అంటే అదే. మరి బయట నాలుగు వానలకే తుప్పు పట్టే ఇనుము కాంక్రీటులో ఏళ్ళ తరబడి ఎలా ఉండగలుగుతోంది? ముందు అది తెలుసుకోవాలి.

సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు లోపల సున్నం తయారవుతుంది. అందుకే కాంక్రీటు లోపల ఘాటైన క్షారగుణం ఉంటుంది. దాన్ని కొలిచే పి.హెచ్. అంకె అక్కడ 12.5కు పైమాటే. ఆ క్షారంలో ఉన్న ఇనుము మీద కంటికి కనపడనంత పలచని ఒక పొర ఏర్పడుతుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇనుమును కాపాడేది ఆ పొరే. పైనున్న కాంక్రీటు ఆ పొరకు కాపలా. ఆ కాపలా రెండు దారుల్లో పోతుంది.

మొదటి దారి గాలి. మనం పీల్చే గాలిలోనే ఉన్న కార్బన్ డయాక్సైడు కాంక్రీటు సన్న రంధ్రాల్లోంచి లోపలికి పోయి, ఆ సున్నాన్ని మార్చేస్తుంది. క్షారగుణం పోతుంది. పి.హెచ్. 9 దగ్గరికి పడిపోతే పొర నిలవదు. ఇది చాలా నెమ్మదిగా జరిగే పని. నెమ్మది కాబట్టే ఎవరికీ తెలియదు. దీని లెక్క ఒకటి గుర్తు పెట్టుకోండి. ఒక స్లాబులో ఈ గాలి 10 మి.మీ. లోతుకు చేరటానికి 10 ఏళ్ళు పట్టిందనుకుందాం. 20 మి.మీ. చేరటానికి 20 ఏళ్ళు కాదు, 40 ఏళ్ళు పడుతుంది. కవరు రెండింతలైతే ఆయుష్షు నాలుగింతలు. కవరు సగమైతే ఆయుష్షు నాలుగో వంతు. ఒక్క బిళ్ళ దగ్గర చేసిన పొదుపు ఎంత పెద్ద అప్పో చూడండి.

రెండో దారి ఉప్పు. సముద్రపు గాలిలో ఉప్పు వస్తుంది. కడగని సముద్రపు ఇసుకలో వస్తుంది. చవ్వ బోరు నీళ్ళలో వస్తుంది. ఉప్పులోని క్లోరైడు రాడ్డు దాకా చేరితే, కాంక్రీటులో సున్నం ఎంత ఉన్నా సరే, ఆ పలచని పొరను అక్కడక్కడా పొడిచి గుంటలు చేస్తుంది. తన పని చేశాక కూడా అది ఖర్చైపోదు, అక్కడే ఉండి మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. గాలి బయటినుంచి లోపలికి రావాలి. మనం నీళ్ళలో కలిపిన ఉప్పు మాత్రం మొదటి రోజునుంచే లోపల కూర్చుని ఉంటుంది.

పొర పోయాక చెమ్మ, ఆక్సిజన్ చాలు. ఒకే రాడ్డు మీద ఒకచోట ఇనుము కరుగుతూ ఉంటుంది, ఇంకోచోట ఆక్సిజన్ ఆ పనికి తోడ్పడుతూ ఉంటుంది. చిన్న బ్యాటరీలాగా నడుస్తుంది. ఎవరూ చూడని చోట, రాత్రీ పగలూ.

ఇందులో ఈశాన్యం ఎక్కడుంది? గ్రహం ఎక్కడుంది? బాత్రూమ్ ఏ మూలన ఉన్నా దాని పైపు కారితే స్లాబు చెడుతుంది, కారకపోతే చెడదు. వాస్తు పేరుతో గోడ పగలగొట్టి పక్కకు కట్టటానికి పెట్టే డబ్బులో చిన్న వంతు ఖర్చుతో, పోసేటప్పుడే మంచినీళ్ళు, బిళ్ళలు తెచ్చుకోవచ్చు. కారణం తెలియనివాడే శాంతి చేయిస్తాడు.

పేదవాళ్ళ పేటలకే పరిమితమైన సంగతి కాదిది. ఇటలీలో జెనోవా నగరంలో 1967లో ఒక పెద్ద వంతెన తెరిచారు. దాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలకు తుప్పు పట్టకూడదని చుట్టూ కాంక్రీటు పోశారు. లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఆ కాంక్రీటే అడ్డమైంది. దాన్ని రూపొందించిన ఇంజనీరు రికార్డో మొరాండి తానే 1979లో, సముద్రపు గాలికి, ఫ్యాక్టరీ పొగకు కాంక్రీటు దెబ్బతింటోందని రాశాడు. 1990ల మొదట్లో ఒక స్తంభం తీగలు బాగా పాడయ్యాయని తేలి, బయటినుంచి కొత్త తీగలు వేసి బలం చేకూర్చారు. 2018 ఆగస్టు 14న వానలో వంతెన కూలింది. కూలింది ఆ స్తంభం కాదు, మరో స్తంభం. 43 మంది చనిపోయారు. ఎవరి తప్పెంత అన్నది కోర్టుల పని. మనం నేర్చుకోవలసింది ఇంతే. ఒకచోట తెరిచి చూసి బాగుచేసుకున్నాం కదా అని, తెరవని చోటు బాగున్నట్టు కాదు.

నిరోధం: ఆపగలమా?

ఆపగలం. అలా అని స్లాబు శాశ్వతమని కాదు. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు, ఇనుము కలిస్తే స్లాబు. కలిసి ఏర్పడిన ప్రతిదీ సంఖారమే, ప్రతి సంఖారమూ అనిత్యమే. కాని బుద్ధుడు చివరి ఘడియల్లో అనిత్యాన్ని గుర్తు చేసి ఊరుకోలేదు. ఆ వెంటనే అప్రమాదంతో, అంటే ఏమరుపాటు లేకుండా పాటుపడమన్నాడు. అనిత్యం పేరు చెప్పి చేతులు ముడుచుకోవటం ధమ్మం కాదు. పద్దెనిమిదేళ్ళకే చెడిన స్లాబుకూ, అరవై ఏళ్ళు నిలిచిన స్లాబుకూ తేడా విధి కాదు. మనిషి పనే.

ధమ్మపదంలో 18వది మలవగ్గం, మాలిన్యాల గురించిన అధ్యాయం. ఇనుములోంచి పుట్టిన తుప్పే ఆ ఇనుమును ఎలా తింటుందో, తప్పు చేసినవాడిని వాడి పనులే అలా తింటాయని అందులో బుద్ధుడు చెప్పాడు. ఆ వెంటనే ఇళ్ళ సంగతి వస్తుంది. బాగోగులు చూడకపోవటమే ఇంటికి పట్టే మాలిన్యమని అక్కడ ఉంటుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఆర్.సి.సి. లేదు. ఐనా మా మేస్త్రీ చెప్పిన మాటా, ఆ మాటా ఒకటే. అన్నిటికంటే పెద్ద మాలిన్యం అవిద్య అని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది.

మార్గం: చేయవలసిన పని

కొత్తగా పోసేవారు మొదట ఇవి చూసుకోండి. ఇంటి లోపలి మామూలు స్లాబుకు రాడ్డు కింద 20 మి.మీ. కవరు తగ్గకూడదు. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45 మి.మీ. ఉండాలని మన దేశపు కోడ్ చెబుతోంది. రాడ్డు కింద రాయి కాదు, బిళ్ళే పెట్టాలి, బైండింగ్ వైరుతో కట్టాలి. కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్ళ మీద అనుమానముంటే పరీక్ష చేయించండి, లేదా ట్యాంకరు తెప్పించండి. చేతికి జారుగా ఉంటుందని అదనంగా నీళ్ళు పోయకండి, ఆ నీళ్ళు ఆరిపోయిన చోటల్లా గాలికి, ఉప్పుకు దారులవుతాయి. పోశాక కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటు ఐతే 10 రోజులు తడి ఆరనీయకండి.

చెడిపోయిన స్లాబు ఐతే, పైన పూత పూయటం పుండు మీద పౌడరు అద్దటమే. మా భవనంలో ఏం చేశామో చెబుతాను. ముందు పిల్లల చదువును చెట్టు కిందికి మార్చాం. స్లాబు కింద సపోర్టులు నిలబెట్టాం. పాలిటెక్నిక్ చదివిన కుర్రాడు ఒకడు ఫినాప్తలీన్ అనే మందు తెచ్చి, అప్పుడే పగలగొట్టిన చోట చల్లాడు. క్షారగుణం మిగిలున్న కాంక్రీటు ఐతే గులాబిరంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. మాకు రాడ్డు దాటి లోపలికి పోయాకే గులాబిరంగు కనిపించింది. ఇనుము దగ్గర కాపలా ఎప్పుడో పోయిందన్న మాట.

తర్వాత ఇంజనీరును పిలిచి, ఆయన చెప్పినట్టు డొల్లగా మోగిన చోటల్లా తెరిచాం. రాడ్డు కింద మాత్రమే కాదు, రాడ్డు వెనకాల కూడా వేలు పట్టేంత కాంక్రీటు తీసేశాం. వైరు బ్రష్షుతో మెరుపు కనిపించేదాకా తోమాం. బాగా సన్నబడిన చోట కొత్త రాడ్డు జతచేశాం. తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో మూశాం. డాబా మీద నీళ్ళు నిలవకుండా వాటం సరిచేశాం. ఆ ఏడు జయంతి బయట షామియానా కింద జరిగింది. వచ్చినవాళ్ళు "భవనం ఉండగా బయట ఎందుకు?" అని అడిగితే, మేస్త్రీ తనే ముందుకొచ్చి కారణం చెప్పాడు.

ఇంజనీరు మాకు ఒక హెచ్చరిక చేశాడు. ఉప్పు పట్టిన స్లాబులో ఒక్క చోటే బాగుచేసి, పక్కనున్న ఉప్పు కాంక్రీటును అలాగే వదిలేస్తే, కొన్నాళ్ళకు బాగుచేసిన చోటు చుట్టూనే కొత్తగా తుప్పు మొదలవుతుందట. అప్పటిదాకా ఒకచోట కరుగుతున్న ఇనుము పక్క ఇనుమును కాస్త కాపాడుతూ ఉంటుంది. ఆ చోటు శుభ్రమయ్యాక వంతు పక్కదానికి వస్తుంది. అందుకే అతుకులు కాదు, మొత్తం చూడాలి అన్నాడు.

మీరు కూడా ఈ వారం మీ ఇంటి స్లాబు చూడండి. మరకలు, రాడ్డు వెంట పగుళ్ళు ఉంటే కట్టెతో తట్టి వినండి. డొల్లగా మోగే చోట కింద పిల్లలను, ముసలివాళ్ళను పడుకోనీయకండి. బీములు, స్తంభాలు మీరే పగలగొట్టకండి. తెలిసినవారిని పిలవండి.

ఇక మన లోపలి స్లాబు

బంధువులారా, ఇంతవరకు చెప్పింది ఇంటి గురించి. ఇప్పుడు మన గురించి.

బాబాసాహెబ్ 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా చనిపోనని ప్రకటించారు. దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో. మధ్యలో 21 ఏళ్ళు. చదివారు, పరీక్షించారు, తూచారు. తొందరపడలేదు. ఏప్రిల్ 14 లోపు స్లాబు పడాలని తొందరపడ్డది మనం. దీక్ష ఇచ్చిన రోజున 22 ప్రతిజ్ఞలు కూడా చేయించారు. ఇనుము ఒక్కటే పెట్టి వెళ్ళలేదు, దానికి కవరు కూడా ఇచ్చి వెళ్ళారు. మన సంకల్పం ఇనుమైతే, పంచశీల, ఆ ప్రతిజ్ఞలు దాని కాపలా.

ఆ కాపలా కూడా అవే రెండు దారుల్లో పోతుంది. ఒకటి గాలి. చుట్టుపక్కల అందరూ చేస్తున్నారు కదా అని ఒక ముహూర్తం, ఒక దిష్టి, ఒక వాస్తు, పండగపూట ఒక గ్లాసు. ఏ ఒక్కటీ పెద్దగా అనిపించదు. ఏడాదికి ఒక్క మి.మీ. లోపలికి పోతుంది. రెండోది ఉప్పు. అది మనం కలిపిన నీళ్ళలోనే వచ్చింది. ఇంటి ముందు నీలి జెండా, గోడ మీద బుద్ధుడు, కొడుక్కి సంబంధం రాగానే "మనలో వాళ్ళు ఏ శాఖ?" అన్న ప్రశ్న. అటువాళ్ళు మనకంటే తక్కువ అన్న నమ్మకం. కట్నం దగ్గర బేరం. తాగి వచ్చి ఇంట్లో ఆడవాళ్ళ మీద చెయ్యెత్తటం. ఏ కులాన్ని వదిలి బయటికి వచ్చామో, దాన్నే నీళ్ళలో కలుపుకుని కొత్త ఇల్లు కట్టుకున్నాం.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. మన మీద జరిగిన, జరుగుతున్న అన్యాయానికి మనమే కారణమని నేను అనటం లేదు. అది బయటినుంచి మన మీద పెట్టిన బరువు. బరువు వేరు, తుప్పు వేరు. ఆ బరువును ఎదుర్కోవటానికే ఇనుము కావాలి. లోపల తుప్పు పట్టిన ఇనుముతో బయటి బరువును ఎంతకాలం మోస్తాం? అందుకే లోపలి తుప్పు గురించి మాట్లాడుకోవటం పోరాటాన్ని పక్కన పెట్టటం కాదు. పోరాటానికి బలం చేకూర్చుకోవటం.

రాడ్లు కట్టే తమ్ముళ్ళకు, మేస్త్రీ అన్నలకు ఒక మాట. సమ్మా ఆజీవం అంటే కల్లు దుకాణం పెట్టకపోవటం ఒక్కటే కాదు. కాంక్రీటు పడ్డాక బిళ్ళ ఉందో లేదో ఎవరికీ కనపడదు. కాంట్రాక్టరు "పోనీలే" అన్నా, ఎవరూ చూడని ఆ చోట బిళ్ళ పెట్టటమే మీ శీలం. ఆ స్లాబు కింద పడుకునేవాళ్ళు మీకు తెలియకపోవచ్చు. కరుణకు పరిచయం అక్కర్లేదు.

చివరగా మా మేస్త్రీ సంగతి. ఆయన ఆ రోజు నోరు మూసుకుని ఉంటే సున్నం కొట్టేసేవాళ్ళం. జయంతి ఘనంగా జరిగేది. ఆ స్లాబు కిందే పిల్లలు మళ్ళీ చాప పరుచుకునేవాళ్ళు. పదిమందిలో తన తప్పు తనే చెప్పుకోవటానికి ఆయనకు ఎంత కష్టమైందో నేను చూశాను, చెబుతుంటే చేతిలో సుత్తి వణికింది. మన భిక్ఖు సంఘంలో ఉపోసథం రోజున చేసిన తప్పు దాచకుండా చెప్పుకునే నియమం బుద్ధుడే పెట్టాడు. ఎందుకో ఆ సాయంత్రం నాకు అర్థమైంది.

వచ్చే ఉపోసథానికి మీ ఇంట్లో అందరూ కలిసి కూర్చోండి. పంచశీల చెప్పుకున్నాక, ఒక్కొక్క శీలం దగ్గర ఆగి, "ఇక్కడ మనింట్లో ఎలా మోగుతోంది?" అని అడుక్కోండి. టంగుమంటే సంతోషం. డొల్లగా మోగితే దాచుకోకండి. ఆ చోటు తెరవండి, తోమండి, మళ్ళీ కట్టండి. వెండిపని చేసేవాడు మలినాన్ని తీసినట్టు కొంచెం కొంచెంగా, ఎప్పటికప్పుడు తీసుకోమని అదే మలవగ్గంలో ఉంది. ఒక్కరోజులో కాదు. మా స్లాబుకే నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు పిల్లలు మళ్ళీ లోపలే చదువుకుంటున్నారు. మేస్త్రీ మాత్రం వచ్చినప్పుడల్లా ఒక కర్ర తీసుకుని స్లాబు తట్టి చూసి గాని కూర్చోడు.

సాధు! సాధు! సాధు!

జై భీమ్.